నలభై ఎనిమిది అంగుళాల బెల్టు

ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎలా వచ్చింది? చదువుతోనా? ఓటుతోనా? బస్సులో ఫ్రీ టికెట్‌తోనా? ఇవేవీ కావని గద్వాల నుంచి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మా ఇంటికైతే అది ఒక అట్టపెట్టెలో, కొరియర్‌లో వచ్చింది. దాని పేరు హిప్ సీట్ క్యారియర్!

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అదొక వెడల్పాటి బెల్టు. దానికి ముందువైపు చిన్న అరుగులాంటి సీటు. బెల్టును నడుముకు కట్టుకుని బిడ్డను ఆ అరుగు మీద కూర్చోబెట్టాలి. భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలు బిడ్డ వీపును పట్టుకుంటాయి. ఇక చేత్తో పట్టుకునే పనే లేదు. తల్లి చేతులు రెండూ ఖాళీ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేశారు.

ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.

నా గురించి రెండు ముక్కలు. నా పేరు రాఘవేంద్ర. మాది నేత కుటుంబం. మా ముత్తాత నేశాడు, తాత నేశాడు, నాన్న నేశాడు. ఇప్పుడు మగ్గం మీద నా భార్య నవనీత కూర్చుంటుంది. నేను మార్కెటింగ్ చూస్తాను. అంటే చీర ఫోటో తీసి పదిహేడు వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను. ఇది చాలా ఒత్తిడి ఉన్న పని. పెట్టాక ఎవరు చూశారో, ఎవరు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారో మాటిమాటికీ కనిపెట్టుకుని ఉండాలి. మధ్యమధ్య భాస్కర్ హోటల్‌కు వెళ్లి టీ తాగాలి. మగ్గం కార్డు మాత్రం నా పేరు మీదే ఉంది. చేనేత సొసైటీలో ఎవరైనా అడిగితే, "మా ఆమె గూడ జర సాయం జేస్తది" అని ఒప్పుకుంటాను. ఐదేళ్లుగా నేను మగ్గం గుంటలో కాలు పెట్టలేదన్న సంగతి వేరు.

మా అమ్మాయి ప్రణీతకు పదహారు నెలలు, పదకొండు కిలోలు. నడక వచ్చింది కానీ నడిచే ఉద్దేశం లేదు. పగలంతా తల్లి ఎడమ నడుము మీదే మకాం. దీనివల్ల మా ఇంటికి జరిగిన నష్టం ఎంతని చెప్పను! నవనీత ఎడమ చెయ్యి మొత్తం బిడ్డకే పోయేది. మిగిలిన ఆ ఒక్క కుడిచేత్తోనే అన్నం వండాలి, గిన్నెలు తోమాలి, నల్లా వచ్చినప్పుడు బిందె ఎత్తాలి. నేను టీ అడిగితే, "ఒక్క చెయ్యే ఉన్నది, జర ఆగు" అనేది. కళ్లముందే ఒక మనిషి చెయ్యి అలా వృథా అయిపోతుంటే సున్నిత హృదయం ఉన్నవాడెవడైనా చూస్తూ ఊరుకుంటాడా?

పైగా ఆమెకు నడుము నొప్పి. గుంటమగ్గంలో కాళ్లు దించి గంటలు గంటలు కూర్చునేవాళ్లకు నడుము ఎలాగూ గుంజుతుంది, ఆపైన పదకొండు కిలోలు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాం. మోసే మనిషిని మార్చాలా, మోసే పద్ధతిని మార్చాలా? మొదటిది ఎవరికీ తట్టలేదు కాబట్టి రెండోదాని మీద దృష్టి పెట్టాం.

ఆ రోజుల్లోనే ఇంకో ముచ్చట జరిగింది. సొసైటీ సెక్రటరీ కురుమయ్య సారు మా ఇంటికి వచ్చాడు. "ఈసారి ఎగ్జిబిషన్ల ఎవరు నేస్తే వాళ్ల పేరే చీర మీద పెడ్తమమ్మా. నువ్వు గీసుకున్న ఆ జొన్నకంకి అంచు ఉన్నది గదా, అదే నెయ్యి. నెలాఖరు శుక్రవారం నాటికి నాకు అందాలె" అన్నాడు.

"నా పేరేనా సారూ? నవనీత అనే రాస్తరా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. మా పెళ్లి ఆల్బమ్‌లో కూడా ఆమె మొహంలో అంత వెలుగు లేదు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుకుంటూ ఆ జొన్నకంకిని ఆమె ఏడాది కిందటే గీసి పెట్టుకుంది. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

సరే, క్యారియర్ ఎంపిక. మాటలా! పదిహేను రోజులు పట్టింది. వనపర్తిలో ఉన్న మా చెల్లెలు పుష్ప వీడియో కాల్‌లో హెచ్చరించింది. "అన్నా, పిల్ల కాళ్లు కప్ప కూసున్నట్టు ఉండాలె. యూట్యూబ్ల జూసిన. లేకుంటె తొంటి పాడైతదంట." భాస్కర్‌కు ముగ్గురు పిల్లలు. ముగ్గురిలో ఒక్కరినీ ఎత్తుకున్న పాపాన పోలేదు. అందుకని అతని సలహాలో ఏ పక్షపాతమూ ఉండదు. "లోడ్ ఎంత మోస్తది, అది జూడు ముందు" అన్నాడు, ట్రాలీ కొంటున్నవాడిలాగా. మా అమ్మ జములమ్మ మాత్రం, "మాసిపోని రంగు తీస్కోరా" అని ఒక్కమాటతో తేల్చేసింది.

నేను నాలుగు వందల పన్నెండు రివ్యూలు చదివాను. ఒకచోట బెంగళూరు ఆవిడెవరో బకిల్ గట్టిగా ఉందని ఒక్కటే స్టార్ ఇచ్చింది. ఆమె మీద కోపంతో నాకు మధ్యాహ్నం నిద్ర కూడా పట్టలేదు. అలా దీక్షగా చదువుతుంటే నవనీత మగ్గం దగ్గర నుంచి, "జర పిల్లని జూస్తవా?" అని కేకేసింది.

"జూస్తలేనా మరి! గీ తిప్పలంత పిల్ల కోసమే గదా!" అన్నాను.

కట్టుకోబోయే మనిషిని మాత్రం ఏమీ అడగలేదు. ఆమెకు తీరిక ఎక్కడుంది పాపం!

పెట్టె వచ్చిన రోజు మా ఇంట్లో సంబరం చూడాలి. నేతవాళ్ల ఇంటికి ఏ బట్ట వచ్చినా పరీక్ష తప్పదు. మా అమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను నలిపి, "నూలు గాదిది, పాలిస్టరు" అంది. పక్కింటి ఈదమ్మ కుట్లు గుంజి చూసింది. నేను వేలు తడిపి రంగు దిగుతుందేమోనని రుద్దాను. బకిళ్లను ఇరవైసార్లు టిక్కు టిక్కుమనిపించాం. పదికిలోల బియ్యం సంచి మీద కిలో పప్పు పెట్టి, నవనీతకు కట్టి, వాకిలి నుంచి నల్లా దాకా నడిపించాం. ప్రోడక్ట్ పాసైంది!

నడుము దగ్గర అతుక్కునే వెల్క్రో పట్టీ ఒకటుంది. లాగితే పర్రుమంటుంది. ఆ చప్పుడు ప్రణీతకు తెగ నచ్చి చప్పట్లు కొట్టింది. పిల్ల ఆడుకుంటోంది కదా అని దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు.

రెండు విషయాలు మాత్రం మాకు అంతుపట్టలేదు. పెట్టె ముందు తల్లి బొమ్మ ఉంది, బాగుంది. వెనకవైపు ఒక మీసాలాయన అదే బెల్టు కట్టుకుని, బిడ్డను కూర్చోబెట్టుకుని నవ్వుతున్నాడు! ఫోటో తారుమారైందని భాస్కర్ తేల్చాడు. రెండోది బెల్టు పొడవు. సాగదీస్తే నలభై ఎనిమిది అంగుళాలు! నవనీత నడుము ఇరవై ఎనిమిది. మిగిలిన ఇరవై అంగుళాలు కంపెనీవాడు ఎవరి కోసం పెట్టినట్టు? ఎంత దుబారా! వేలాడుతున్న ఆ పట్టీ పనికి అడ్డం వస్తుందని మా అమ్మ దాన్ని మడతపెట్టి, సూదీ దారం తెచ్చి గట్టిగా నాలుగు టాకాలు వేసేసింది. మా దృష్టిలో సమస్య తీరిపోయింది.

ఇక చూడండి, ఆ క్షణం నుంచి మా ఇంటి దశ తిరిగింది!

చేతులు రెండూ ఖాళీ అన్న సంగతి వీధంతా పాకింది. ఇంతకుముందు ఒక బిందె తెచ్చే మనిషి ఇప్పుడు రెండు తెస్తోంది. ఒకచేత్తో కూర కలుపుతూ రెండోచేత్తో నాకు టీ అందిస్తోంది. "చేతులు ఖాళీగున్నయి గదా, గీ మిరపకాయలు జర తొడిమెలు తియ్యి" అని మా అమ్మ. "ఎట్లాగూ నిలవడ్డవు గదా, మా మిల్లు పిండి గూడ పట్టుకరా బిడ్డా" అని ఈదమ్మ. నేను కూడా నా వంతుగా ఇస్త్రీ చొక్కాల పని అప్పగించాను. ఇంతమందికి ఉపయోగపడే వస్తువు ఈ మధ్యకాలంలో ఇంకోటి వచ్చిందా, మీరే చెప్పండి!

శనివారం అందరం బీచుపల్లి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లాం. నవనీతకు ముందు ప్రణీత. కుడిచేతిలో కొబ్బరికాయల సంచి, ఎడమచేతిలో టిఫిన్ డబ్బా. మోచేతికి మా అమ్మ సంచి. చిటికెన వేలికి నీళ్ల బాటిల్. అయినా చూడండి, బిడ్డ కిందపడలేదు! నేను నాలుగడుగులు ముందుకు పరుగెత్తి వెనక్కి తిరిగి ఫోటో తీశాను. వెనక పారే కృష్ణమ్మ కూడా ఫోటోలో బాగా పడింది.

"ఒక్క సంచి పట్టుకుంటవా?" అంది నవనీత.

"నేను పట్టుకుంటె ఫోటో ఎవరు తీస్తరు?" అన్నాను.

ఆ ఫోటోకు మాతృమూర్తి అని పేరు పెట్టి స్టేటస్‌లో పెడితే అరవై హృదయాలు వచ్చాయి. అన్నీ నాకే.

అయితే ఒక వింత. చేతులు రెండూ ఖాళీ అయ్యాక మగ్గం పని పరుగెత్తాలా వద్దా? అది ముందుకే సాగడం లేదు! ఒక చెయ్యే ఉన్న రోజుల్లో, పిల్ల పడుకున్న వేళ రోజుకు మూరెడు నేసిన మనిషి ఇప్పుడు జానెడు కూడా నేయలేకపోతోంది. నాకేమీ అర్థం కాలేదు. టైమ్ మేనేజ్‌మెంట్ మీద మంచి రీల్ ఒకటి వెతికి ఆమెకు పంపించాను. ఆమె ఇప్పటికీ దాన్ని తెరవలేదు. శుక్రవారం దగ్గరపడుతోంది, చీర కొంగు ఇంకా సగం మిగిలే ఉంది.

బుధవారం మధ్యాహ్నం. నవనీత మగ్గం మీద ఉంది. ఊయలలో ప్రణీత లేచి ఏడ్చింది. ఊయల నాకు రెండు బారల దూరంలో ఉంది. "నవనీతా, పిల్ల లేసింది సూడు!" అని మా అమ్మ కేకేసింది. నవనీత పోగు నడిపే నాడె పక్కన పెట్టి, గుంటలో నుంచి లేచి, బెల్టు కట్టుకుని, బిడ్డను ఎక్కించుకుంది. అదే సమయానికి రాయచూరు షాపాయన అంచు క్లోజప్ కావాలని మెసేజ్ పెట్టాడు.

"గట్లనే వంగి అంచు జర సాపుగ పట్టుకో. చేతులు ఖాళీనే గదా, ఒక్క ఫోటో" అన్నాను.

ఆమె బిడ్డతో సహా మగ్గం మీదికి వంగింది. రెండు చేతులతో అంచును సాఫీగా పట్టుకుంది. నేను ఫోటో తీశాను. ఆమె పైకి లేచింది.

పర్రుమంది.

ఆ చప్పుడు ఇష్టం కదా, ప్రణీత చప్పట్లు కొట్టింది.

వెల్క్రో అంచు సరిగ్గా మూసుకోలేదు. దాని ముళ్లు జరీని పట్టుకున్నాయి. గద్వాల చీరలో నూలూ పట్టూ కలిసే చోటు ఒకటుంటుంది. అక్కడ చెయ్యి తిరగాలంటే ఏళ్లు పడుతుంది. సరిగ్గా అక్కడే మూడు జొన్నకంకులు పోగులు పోగులుగా పైకి లేచి ఉన్నాయి.

"అయ్యో, గీ పట్టీని ఎవ్వరం సూడకపోతిమే!" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. నిజమే. నాలుగు తరాలుగా నేత తప్ప వేరే పని ఎరగని ఇల్లు! నూలును వేళ్లతో నలిపి పోగు ఎంత సన్నమో నంబరుతో చెప్పే మనుషులం! గుడ్డ చూశాం, కుట్టు చూశాం, రంగు చూశాం. ఇంట్లో జరీ ఉందన్న సంగతి మరిచిపోయి ముళ్ల పట్టీని తెచ్చి మగ్గం మనిషి నడుముకే కట్టాం.

నేను మాత్రం ధైర్యం కోల్పోలేదు. "నాలుగు వందల పన్నెండు రివ్యూలల్ల ఒక్కరు గూడ జరీ గురించి రాయలే" అని ఉన్నమాట చెప్పాను.

నవనీత నా వైపు చూడలేదు. లేచిన పోగులను వేలితో తడిమి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిడుతుందని భయపడ్డాను. తిట్టినా బాగుండేది. "ఆడిదాక విప్పి మల్ల నెయ్యాలె. రెండు దినాలున్నయి" అని తనలో తాను అనుకుంది. బిడ్డను దించింది. బెల్టు విప్పింది. మగ్గం మీది చిన్న కత్తెర తీసుకుని మా అమ్మ వేసిన నాలుగు టాకాలను ఒక్కొక్కటిగా తెంపింది.

"లే" అంది నాతో.

"ఎందుకు?"

"లేస్తవా లేదా?"

లేచాను. బెల్టు నా వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చింది. నా నడుము నలభై రెండు. అందులో సగం భాస్కర్ హోటల్ మిర్చీ బజ్జీలదే. బెల్టు చుట్టూ వచ్చేసింది. ఇంకా ఆరంగుళాలు మిగిలింది కూడా! టిక్కుమని బకిల్ పడింది. ప్రణీతను తెచ్చి నా ముందున్న సీటు మీద కూర్చోబెట్టింది.

"మొగోనికి కడ్తవానే గది? నలుగురు సూస్తరు!" అంది మా అమ్మ.

"సూడనీ అత్తమ్మా. ఫోటో గూడ తీస్కోనీ" అంది నవనీత. తర్వాత నాతో, "చేతులు రెండు ఖాళీగుంటయి. కూసోని ఫోన్ జూస్కో" అని మగ్గం గుంటలోకి దిగింది.

కూర్చుంటే పిల్ల ఊరుకోదని ఐదు నిమిషాల్లో తెలిసింది. ఫోన్ తీస్తే లాక్కుని నోట్లో పెట్టుకుంది. రాయచూరు షాపాయనకు ఏవేవో బొమ్మలు వెళ్లాయి. పది నిమిషాలకు నా నడుములో ఏదో గుంజడం మొదలైంది. పదకొండు కిలోలని చదవడం వేరు సుమండీ! వీధిలోకి వెళ్లాను.

ఈదమ్మ వాకిట్లోనే ఉంది. నన్ను చూసి చేతిలో చీపురు వదిలేసింది. "ఏమైంది నాయ్నా నవనీతకు? పానం బాగలేదా?"

ఉన్నమాట చెప్పేస్తే పోయేది. నా భార్య పని చేసుకుంటోంది, నేను నా బిడ్డను ఎత్తుకున్నాను. ఇంతే కదా మాట! నోరు తిరగలేదు. "జర తలనొప్పి" అన్నాను.

మూలమలుపు దగ్గర పిండిమిల్లు పెంటమ్మ ఆపింది. తలనొప్పికే మొగుడు పిల్లను మోస్తాడంటే నమ్మేలా లేదని, "జరం" అన్నాను. హోటల్ దగ్గరికి వెళ్లేసరికి భాస్కర్ గరిటె పట్టుకునే ఎదురొచ్చాడు. "ఏందన్నా, వదినె దవాఖానల ఉన్నదా?"

"లేదు, ఇంట్లనే ఉన్నది."

"ఇంట్లనే ఉంటె పిల్ల నీ తానెందుకున్నది?"

నేను పిల్ల జుట్టు సవరించాను. తల వంచుకుని టీ తీసుకున్నాను. ఆ వాలకం చూసి హోటల్ మొత్తానికి పరిస్థితి విషమంగా ఉందని అర్థమైంది. ఒకాయన తన బెంచీ కూడా నాకు ఇచ్చాడు.

నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో బైకు ఆగింది. ధరూర్ నుంచి నా బామ్మర్ది రవి! నెత్తిన హెల్మెట్ తీయలేదు, ఒకచేతిలో బ్రెడ్డు పొట్లం, ఇంకోచేతిలో దానిమ్మ పండ్లు. "బావా, అక్క ఏ దవాఖానల ఉన్నది?" అంటున్నాడు.

లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. టక్కు టక్కుమని, వారం రోజులుగా లేనంత హుషారుగా. రవి లోపలికి తొంగిచూశాడు.

"ఏందిరా గిట్ల ఉరికొచ్చినవు?" అంది నవనీత.

"నీకు సీరియస్ అని ఫోన్ జేసిండ్రక్కా!"

"నాకేం గాలేరా. పిల్లని వాళ్ల నాయిన ఎత్తుకున్నడు, గంతే."

రవి నా వైపు తిరిగాడు. బెల్టు చూశాడు, పట్టీలు చూశాడు, నా మొహం చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "మరి నీకేమైంది బావా?"

ఆ బ్రెడ్డూ దానిమ్మలూ ఎవరికి ఇవ్వాలో తెలియక చివరికి నా చేతిలోనే పెట్టాడు. చేతులు రెండూ ఖాళీనే కదా!

గురువారం కూడా బెల్టు నా నడుముకే ఉంది. నల్లా కాడికి బెల్టుతోనే వెళ్లాను, మిల్లుకు బెల్టుతోనే వెళ్లాను. శుక్రవారం మధ్యాహ్నానికి చీర మగ్గం దిగింది. పోయిన మూడు కంకులు తిరిగి లేచాయి. ఏ మూడో చెప్పమంటే ఇప్పుడు నేను కూడా చెప్పలేను.

ముగ్గురం సొసైటీకి వెళ్లాం. చీర నవనీత చేతిలో, ప్రణీత నా ముందు. కురుమయ్య సారు అంచు తిప్పి తిప్పి చూసి, తలూపి, చీటీ తీసి అలవాటు కొద్దీ రాఘవేంద్ర అని మొదలుపెట్టాడు.

"నవనీత అని రాయి సారూ" అంది ఆమె.

"అవునవును, మర్చిపోయిన." కొట్టేసి మళ్లీ రాశాడు. "మరి రాఘవేంద్ర?"

నవనీత నా వైపు ఒకసారి చూసింది. "ఆయన గూడ జర సాయం జేసిండు సారూ" అంది.

ఐదేళ్లుగా ఆ మాట నేనే అంటున్నాను. నా చెవులతో వినడం అదే మొదటిసారి. బాగాలేదు.

ఇంతకీ పాఠకులారా, హిప్ సీట్ గొప్ప వస్తువు, తప్పకుండా కొనండి. ఇంట్లో పట్టు ఉంటే వెల్క్రో లేనిది చూసుకోండి. రంగూ రివ్యూలూ తర్వాత, ముందు టేపు తీసి మగవాళ్ల నడుము కొలవండి. నలభై ఎనిమిది దాకా ఏ ఇబ్బందీ లేదు. అంతకు మించిన నడుములున్నవారు నిరాశపడొద్దు. బెల్టు లేకపోయినా బిడ్డను ఎత్తుకోవచ్చు. మా ఆవిడ పదహారు నెలలు అలాగే ఎత్తుకుంది.